డైరెక్ట్ స్పీచ్‌ని ఇన్‌డైరెక్ట్‌లోకి మార్చేటప్పుడు టెన్స్ ఎప్పుడు మార్చాలి, ఎప్పుడు వదిలేయాలి?

నిలకడ:

పరీక్షకి చదువుతున్నాను. ఇంగ్లిష్ గ్రామర్‌లో మిగతావన్నీ ఒక దారికొచ్చాయి గానీ ఈ డైరెక్ట్, ఇన్‌డైరెక్ట్ స్పీచ్ దగ్గర మాత్రం అడుగు ముందుకు పడట్లేదు. రూల్స్ తెలియక కాదు. ప్రెజెంట్ పాస్ట్ అవుతుంది, పాస్ట్ పోయి పాస్ట్ పర్ఫెక్ట్ అవుతుంది, విల్ వుడ్ అవుతుంది, టుమారో కాస్తా ద నెక్స్ట్ డే అవుతుంది, ఆ పట్టికంతా నాకు కంఠతా వచ్చు. సమస్యేంటంటే నా దగ్గరున్న రెండు ప్రాక్టీస్ పుస్తకాల్లో ఒకే వాక్యానికి రెండు రకాల జవాబులున్నాయి.

వాక్యం ఇది: షీ సెడ్, "ఐ మెట్ హిమ్ ఇన్ 2015." ఒక పుస్తకం "షీ సెడ్ దట్ షీ హ్యాడ్ మెట్ హిమ్ ఇన్ 2015" అంటుంది, రెండోది "షీ సెడ్ దట్ షీ మెట్ హిమ్ ఇన్ 2015" అంటుంది. ఏది రాయాలి? ఇంగ్లిష్ వార్తలు వింటే "హీ సెడ్ హీ ఈజ్ రెడీ" లాంటివి బోలెడు వినిపిస్తాయి, మనకేమో సెడ్ ఉంటే తర్వాత ఈజ్ రానే రాకూడదని నేర్పారు. మస్ట్ సంగతి ఇంకా అన్యాయం, ఒకచోట హ్యాడ్ టు అని మారుస్తారు, ఇంకోచోట మస్ట్‌ని కదపకుండా వదిలేస్తారు.

క్వశ్చన్స్ గురించి కూడా ఒక డౌట్. మా స్టడీ గ్రూపులో అందరూ "హీ ఆస్క్డ్ మి దట్ వేర్ వాజ్ ఐ గోయింగ్" అనే రాస్తున్నారు. అది తప్పని తెలుసు, ఎందుకు తప్పో ఎవరూ చెప్పలేకపోతున్నారు.

దయచేసి పట్టిక మళ్లీ పెట్టకండి. మార్చాలా వద్దా అని నాకు నేను తేల్చుకునే పద్ధతేదైనా ఉంటే చెప్పండి.

వాక్యవనం:

మంచి ప్రశ్న అడిగారు. మీ రెండు పుస్తకాలూ కరెక్టే. 2015 అని సంవత్సరం అక్కడే ఉంది కాబట్టి, కలవడం ముందు, చెప్పడం తర్వాత అనే వరస చదివేవాళ్లకి ఎలాగూ తెలిసిపోతుంది, అందుకే హ్యాడ్ లేకపోయినా అర్థం చెడదు. వరస తెలియని చోట హ్యాడ్‌కి నిజంగా పని ఉంటుంది. "షీ సెడ్ దట్ షీ వాజ్ ఇల్" అంటే చెబుతున్నప్పుడే ఒంట్లో బాగాలేదని అర్థం వస్తుంది, "షీ సెడ్ దట్ షీ హ్యాడ్ బీన్ ఇల్" అంటే అంతకుముందెప్పుడో బాగాలేదని. ఇక్కడ హ్యాడ్ తీసేస్తే మాటే మారిపోతుంది. అదే "ద సెకండ్ వరల్డ్ వార్ ఎండెడ్ ఇన్ 1945" లాంటి చరిత్ర విషయం అయితే పరీక్షల్లో కూడా ఎండెడ్‌ని అలాగే ఉంచుతారు.

ఇక అసలు విషయానికొద్దాం. టెన్స్ ఎందుకు మారుతుందో పట్టిక చెప్పదు, మనకి చిక్కంతా అక్కడే మొదలవుతోందని నా గట్టి నమ్మకం. మన భాషలో ఎలా చేస్తామో చూడండి. "నేను రాను" అని రవి అన్నాడు. దీన్ని పరోక్షంలోకి మారిస్తే, తాను రానని రవి అన్నాడు. నేను పోయి తాను వచ్చింది, కానీ రాను అనే క్రియ ఇసుమంత కూడా కదల్లేదు. రాడు అని కూడా కాలేదు, రాను అనే ఉంది! అంటే మాట అన్నవాడి కాలాన్ని అన్నవాడి దగ్గరే వదిలేసి, మనిషిని మాత్రం మారుస్తాం. రేపు, నిన్న లాంటివి కూడా అవసరమైతే మార్చుకుంటాం, "మర్నాడు పంపిస్తానన్నాడు" అంటాం కదా. క్రియ ఒక్కటే కదలదు. ఇంగ్లిష్‌లో అలా కాదు, క్రియ కూడా ఇప్పుడు ఆ మాట చేరవేస్తున్న మన దగ్గర నుంచి చూసుకుని మారుతుంది. మనం పుట్టినప్పటి నుంచీ చేస్తున్న పని వేరు కాబట్టే ప్రొనౌన్‌లు తేలిగ్గా వచ్చేస్తాయి, టెన్స్ దగ్గర చెయ్యి ఆగిపోతుంది.

కాబట్టి మీరు అడగాల్సిన ప్రశ్న ఒకటే: ఈ మాటని నేను ఎప్పుడు, ఎక్కడ నిలబడి చెబుతున్నాను?

ఒక ఉదాహరణ పూర్తిగా చూద్దాం. సోమవారం పొద్దున ఒకతను మీతో, "ఐ విల్ సెండ్ ద ఫైల్ టుమారో" అన్నాడు. అదే రోజు గంట తర్వాత మీరు ఇంకొకరికి చెబుతున్నారు: "హీ సెడ్ హీ విల్ సెండ్ ద ఫైల్ టుమారో." పంపే రోజు ఇంకా రాలేదు, రేపు అనేది మీకు కూడా రేపే, అందుకే విల్, టుమారో రెండూ ఉండొచ్చు, వుడ్ అన్నా తప్పు కాదు. మంగళవారం చెబితే "హీ సెడ్ హీ వుడ్ సెండ్ ద ఫైల్ టుడే." చూశారా, టుమారో కాస్తా టుడే అయింది, ఇది మీ పట్టికలో ఎక్కడా ఉండదు. శుక్రవారం చెబితే "హీ సెడ్ హీ వుడ్ సెండ్ ద ఫైల్ ద నెక్స్ట్ డే." ఒకే మాట, మూడు రిపోర్టులు, మూడూ సరైన ఇంగ్లిషే. పరీక్ష పేపర్లో ఎప్పుడు చెబుతున్నారో ఇవ్వరు కదా, అందుకని ఎప్పుడూ ఆ శుక్రవారం లాంటి దూరంలోనే నిలబడ్డామని అనుకుని జవాబులు తయారుచేస్తారు. మీ పట్టిక మొత్తం ఆ ఒక్క ఊహ మీద కట్టినదే. హియర్ వచ్చి దేర్ అవ్వడం కూడా అంతే, అదే గదిలో ఉండి చెబుతున్నప్పుడు హియర్‌ని దేర్ చేస్తే వినేవాళ్లు ఇంకెక్కడో అనుకుంటారు.

వార్తల్లో వినిపించే "హీ సెడ్ హీ ఈజ్ రెడీ" కూడా ఈ లెక్కలోకే వస్తుంది. ఆయన ఇంకా రెడీగానే ఉన్నాడు కాబట్టి ఈజ్ ఉంచారు. ఇందులో ఇంకో సంగతి కూడా ఉంది. ఈజ్ ఉంచితే, చెబుతున్న మనం కూడా ఆ మాటని కొంతవరకు నమ్ముతున్నట్టు వినిపిస్తుంది. వాజ్ పెడితే, అది ఆయన మాట, నిజమో కాదో నాకు సంబంధం లేదన్నట్టు. అందుకే "ద టీచర్ సెడ్ దట్ ద ఎర్త్ గోస్ రౌండ్ ద సన్" అని ఉంచుతాం గానీ, భూమి బల్లపరుపుగా ఉందని ఎవరైనా అంటే దాన్ని "హీ సెడ్ దట్ ద ఎర్త్ వాజ్ ఫ్లాట్" అనే చెబుతాం. యూనివర్సల్ ట్రూత్ అని పుస్తకాల్లో విడిగా ఇచ్చే రూలు ఇదే.

గురిచూసి:

వాక్యవనం గారు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం, కానీ పరీక్ష హాల్లో ఒక్కో బిట్‌కి అంత ఆలోచించే టైమ్ ఉండదు. నేను చాలాకాలంగా ఈ పేపర్లకి పిల్లల్ని తయారుచేస్తున్నాను, వాళ్లకి చెప్పేది ఇదీ. ముందు రిపోర్టింగ్ వెర్బ్ చూడండి. సేస్, విల్ సే అని ఉంటే టెన్స్ ముట్టుకోవద్దు, ప్రొనౌన్ ఒక్కటి మార్చి ముందుకెళ్లండి. సెడ్ ఉంటే మార్చండి. మార్చకూడనివి శాశ్వత సత్యాలు, చరిత్రలో జరిగినవి, ఆ తర్వాత ఊహించి చెప్పే ఇఫ్ వాక్యాలు, విష్ వాక్యాలు. ఆప్షన్స్‌లో హ్యాడ్ మెట్, మెట్ రెండూ ఉంటే హ్యాడ్ మెట్ పెట్టండి.

ప్రొనౌన్‌కి ఎస్‌ఓఎన్ అని అందరూ చెప్పేదే. ఫస్ట్ పర్సన్ సబ్జెక్ట్‌ని బట్టి, సెకండ్ పర్సన్ ఆబ్జెక్ట్‌ని బట్టి మారతాయి, థర్డ్ పర్సన్ మారదు. హీ సెడ్ టు మి, "యు హ్యావ్ హర్ట్ మై బ్రదర్." ఇందులో యు అంటే నేను, మై అంటే అతనిది. కాబట్టి "హీ టోల్డ్ మి దట్ ఐ హ్యాడ్ హర్ట్ హిజ్ బ్రదర్." ఇది ఒక్కటి చేతికొస్తే సగం బిట్లు వచ్చేసినట్టే.

టోల్డ్ అన్నాను కాబట్టి ఇదీ చెప్పేస్తాను. టోల్డ్ పక్కన మనిషి ఉండి తీరాలి. మనం "బిజీగా ఉన్నానని చెప్పాడు" అంటాం, ఎవరికి చెప్పాడో అనక్కర్లేదు. ఆ అలవాటుతో "హీ టోల్డ్ దట్ హీ వాజ్ బిజీ" అని రాసేస్తున్నారు, పోటీ పరీక్షల్లో ఎర్రర్ స్పాటింగ్‌లో ఇది తెగ అడుగుతారు. టోల్డ్ మి, టోల్డ్ హర్ అని ఉండాలి, మనిషి లేకపోతే సెడ్. "సెడ్ మి" అయితే ఎప్పుడూ తప్పే.

మాటమూట:

క్వశ్చన్స్ గురించి నేను రాస్తాను, మీ గ్రూపులో అందరూ అలా ఎందుకు రాస్తున్నారో నాకు బాగా అర్థమైంది.

మనకి "అని" అనే ఒక్క మాట అన్ని పనులూ చేసేస్తుంది. వస్తానని చెప్పాడు, ఎక్కడికి వెళ్తున్నావని అడిగాడు, వస్తావా అని అడిగాడు, అబ్బ ఎంత బాగుందో అని అన్నాడు. మామూలు మాటైనా ప్రశ్నైనా ఆశ్చర్యమైనా మధ్యలో అని ఉంటుంది. స్కూల్లో "అని" అంటే దట్ అని మనసులో పడిపోయింది, ఇక ప్రతిచోటా దట్ దిగిపోతుంది. ఇంగ్లిష్‌లో దట్ వచ్చేది మామూలు వాక్యం ముందే. వేర్, వై, హౌ లాంటి ప్రశ్న పదం ఉంటే అతికే పని అదే చేస్తుంది, దానికి ముందు దట్ పెడితే ఒకే పనికి ఇద్దరిని పెట్టినట్టు. ప్రశ్న పదం లేక అవును, కాదు అని జవాబిచ్చే ప్రశ్నైతే ఇఫ్ గానీ వెదర్ గానీ.

రెండో తప్పు వరస. "వేర్ డు యు లివ్?" అనేది నిజంగా ఒకరిని అడుగుతున్న ప్రశ్న, అందుకే డు ముందుకొచ్చింది. "షీ ఆస్క్డ్ మి వేర్ ఐ లివ్డ్" అన్నప్పుడు నేను ఎవరినీ ఏమీ అడగట్లేదు, ఆమె అడిగిన సంగతి చెబుతున్నానంతే. అది ప్రశ్న కాదు కాబట్టి ప్రశ్నకుండే వరస అక్కర్లేదు, డు, డిడ్ పోతాయి, చివర క్వశ్చన్ మార్క్ కూడా పోతుంది. సబ్జెక్ట్ ముందు, వెర్బ్ తర్వాత. కాబట్టి మీ వాక్యం "హీ ఆస్క్డ్ మి వేర్ ఐ వాజ్ గోయింగ్." ప్రశ్న పదమే సబ్జెక్ట్ అయిన చోట అసలు వరస మార్చే పనే లేదు, "హూ బ్రోక్ ద విండో?" అనేది "హీ ఆస్క్డ్ హూ హ్యాడ్ బ్రోకెన్ ద విండో" అవుతుంది, హూ ఉన్నచోటే ఉంటుంది.

ఆజ్ఞల దగ్గర మాత్రం మన భాషే మనకి సాయం చేస్తుంది. కూర్చోమన్నాడు, రమ్మంది, వెళ్లొద్దన్నారు. ఇక్కడ మనం వాక్యాన్ని విడిగా తీసుకురాకుండా క్రియలోనే కలిపేస్తున్నాం, ఇంగ్లిష్ కూడా అదే పని టు పెట్టి చేస్తుంది. "హీ టోల్డ్ మి టు సిట్", "దే టోల్డ్ హిమ్ నాట్ టు గో." తెలుగులో అనుకున్నప్పుడు మని, వద్దని వచ్చిందంటే కళ్లు మూసుకుని టు, నాట్ టు పెట్టేయండి. డోంట్ ఉంది కదా అని "టోల్డ్ హిమ్ టు డోంట్ గో" అని రాసేవాళ్లని చూశాను, డోంట్ అక్కడ పూర్తిగా పోవాలి.

నిలకడ:

చాలా థాంక్స్ అందరికీ. సోమవారం, మంగళవారం, శుక్రవారం ఉదాహరణతో టుమారో గురించి ఉన్న టెన్షన్ పోయింది. ఇంకా మూడు మిగిలాయి. మస్ట్ గురించి ఎవరూ చెప్పలేదు. "విల్ యు హెల్ప్ మి?" అనేది ప్రశ్నగా మార్చాలా, రిక్వెస్ట్‌గా మార్చాలా? లెట్స్ వస్తే సజెస్టెడ్ పెట్టమంటారు, దాని తర్వాత ఏం రాయాలో ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతున్నారు.

వాక్యవనం:

మస్ట్‌కి తనకంటూ పాస్ట్ ఫామ్ లేదు, ఒక్కో చోట ఒక్కోలా కనబడడానికి అదే కారణం. పైగా మస్ట్ ఒకటే అయినా చేసే పనులు వేరు. "ఐ మస్ట్ ఫినిష్ దిస్" అన్నప్పుడు అది తప్పనిసరి, కాబట్టి హ్యాడ్ టు. ఆ తప్పనిసరి పని తర్వాతెప్పుడో చేయాల్సిందైతే, "ఐ మస్ట్ లీవ్ నెక్స్ట్ వీక్" లాంటిది, వుడ్ హ్యావ్ టు ఇంకా బాగా కుదురుతుంది. "హీ మస్ట్ బి టైర్డ్" లో మాత్రం తప్పనిసరి ఏమీ లేదు, అలిసిపోయి ఉంటాడని మనం ఊహిస్తున్నాం. దాన్ని హ్యాడ్ టు బి టైర్డ్ అని మారిస్తే అలిసిపోవడం ఆయన విధి అన్నట్టు అయిపోతుంది, అందుకే "షీ సెడ్ దట్ హీ మస్ట్ బి టైర్డ్" అని అలాగే వదిలేయాలి. ఎప్పటికీ ఉండే నియమమైతే కూడా మస్ట్ ఉండిపోతుంది.

అన్నిటికంటే జాగ్రత్త పడాల్సింది మస్ట్ నాట్ దగ్గర. "యు మస్ట్ నాట్ టచ్ ఇట్" అంటే ముట్టుకోవద్దు అని. పట్టిక గుర్తుపెట్టుకుని దాన్ని "డిడ్ నాట్ హ్యావ్ టు టచ్ ఇట్" చేశారంటే ముట్టుకోవాల్సిన అవసరం లేదు అని అర్థం తిరగబడుతుంది. మస్ట్ నాట్ అలాగే ఉంచండి, లేకపోతే "టోల్డ్ మి నాట్ టు టచ్ ఇట్" అనండి, నాకు ఈ రెండోదే ఇష్టం, చక్కగా సూటిగా ఉంటుంది.

విల్ యు సంగతి మాట రూపాన్ని చూసి తేలదు, అడిగినవాళ్లకి ఏం కావాలో చూడాలి. "విల్ యు బి ఎట్ హోమ్ టుమారో?" అన్నవాళ్లకి కావాల్సింది సమాచారం, కాబట్టి "ఆస్క్డ్ ఇఫ్ హీ వుడ్ బి ఎట్ హోమ్ ద నెక్స్ట్ డే." "విల్ యు హెల్ప్ మి?" అన్నవాళ్లకి కావాల్సింది సాయం, కాబట్టి "ఆస్క్డ్ హిమ్ టు హెల్ప్ హర్." ప్లీజ్ ఉంటే ఇక ఆలోచించక్కర్లేదు, రిక్వెస్టే.

గురిచూసి:

లెట్స్ గురించి నేను చెబుతాను. "లెట్స్ గో" అన్నది "హీ సజెస్టెడ్ గోయింగ్" అవుతుంది, లేదా "హీ సజెస్టెడ్ దట్ దే షుడ్ గో." వెళ్లేవాళ్లలో మీరూ ఉంటే దే బదులు వి. మామూలుగా వాడేవి ఈ రెండు దారులే. "హీ సజెస్టెడ్ మి టు గో" అనేది తప్పు, ఎంతమంది రాసినా తప్పే, ఎందుకంటే టోల్డ్, ఆస్క్డ్, అడ్వైజ్డ్ పక్కన వచ్చినట్టు సజెస్టెడ్ పక్కన మనిషి, టు రావు. సలహా ఇచ్చాడనే అర్థంలో మనిషిని పెట్టాలనిపిస్తే "అడ్వైజ్డ్ మి టు గో" రాయండి, గొడవ ఉండదు.

ఎక్స్‌క్లమేషన్స్ గురించి ఎవరూ అడగలేదు గానీ పేపర్లో వస్తాయి. హుర్రే ఉంటే ఎక్స్‌క్లెయిమ్డ్ విత్ జాయ్, అలాస్ ఉంటే ఎక్స్‌క్లెయిమ్డ్ విత్ సారో, వాట్ ఎ ఉంటే ఎ వెరీ అని మారుతుంది, అంతకుమించి దాంట్లో ఏమీ లేదు. మామూలుగా ఇంగ్లిష్ మాట్లాడేవాళ్లు ఇలా అనరు, కాబట్టి రాసే ఇంగ్లిష్ బాగుపడాలని నేర్చుకునేవాళ్లు దీని మీద టైమ్ పెట్టక్కర్లేదు.

నిలకడ:

ఇఫ్ వాక్యాలు మారవన్నారు కదా, మరి హీ సెడ్ టు మి, "ఇఫ్ ఐ వర్ యు, ఐ వుడ్ వెయిట్" అనేది? ఇంకో పేరా కూడా చేశాను, ఎవరైనా చూసి చెప్పండి.

షీ సెడ్ టు హిమ్, "వై ఆర్ యు స్టాండింగ్ హియర్? కమ్ ఇన్. ఐ వాజ్ జస్ట్ థింకింగ్ అబౌట్ యు."

నేను రాసింది: షీ ఆస్క్డ్ హిమ్ వై హీ వాజ్ స్టాండింగ్ దేర్ అండ్ టోల్డ్ హిమ్ టు కమ్ ఇన్. షీ యాడెడ్ దట్ షీ హ్యాడ్ జస్ట్ బీన్ థింకింగ్ అబౌట్ హిమ్.

మాటమూట:

పేరా చాలా బాగా చేశారు. మూడు మాటల్ని ఒకే సెడ్ కింద కుక్కేయకుండా ఆస్క్డ్, టోల్డ్, యాడెడ్ అని విడివిడిగా పట్టుకున్నారు, పేరా ఇచ్చినప్పుడు ఎగ్జామినర్లు ముందు చూసేది అదే. దట్, డు ఎక్కడా దూరలేదు, వరస కూడా సరిగ్గా ఉంది.

ఇఫ్ వాక్యంలో మారనిది టెన్స్ మాత్రమే, మనుషులు మారతారు. ఐ అంటే అతను, యు అంటే మీరు. "హీ టోల్డ్ మి దట్ ఇఫ్ హీ వర్ మి, హీ వుడ్ వెయిట్." వర్, వుడ్ రెండూ ఉన్నవి ఉన్నట్టే. ఇక్కడ వర్ జరిగిపోయిన కాలం కాదు, ఊహ, అందుకే ఇంకా వెనక్కి జరపడానికి ఏమీ లేదు.

వాక్యవనం:

పేరాలో చివరి వాక్యానికి ఒక్క మాట. "షీ వాజ్ జస్ట్ థింకింగ్ అబౌట్ హిమ్" అని ఉంచినా మామూలు ఇంగ్లిష్‌లో ఎవరూ తప్పు పట్టరు. అయితే ఇక్కడ హ్యాడ్ బీన్ వల్ల అతను గుమ్మంలో కనబడడానికి ముందు నుంచే ఆమె ఆలోచిస్తోందని స్పష్టంగా తెలుస్తోంది, వాజ్ పెడితే మాట్లాడుతూనే ఆలోచిస్తోందా అనే చిన్న సందేహం మిగులుతుంది. పరీక్ష కోసమైనా అర్థం కోసమైనా మీరు రాసిందే ఉంచండి.